ప్యాచ్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు మెయిన్ స్విచ్ సంగతి కనుక్కోండి

ప్యాచ్ అంటే ప్రోగ్రాముల్లోని లోపాలను సరిచేసే అప్‌డేట్. ఆఫీసు కంప్యూటర్లన్నింటికీ వాటిని ఎక్కించే ప్యాచ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవాళ్లు మొట్టమొదట చూపించేది ఒక ఆకుపచ్చ చక్రం. కంప్యూటర్లలో తొంభై ఎనిమిది శాతం భద్రంగా ఉన్నాయని దాని మధ్యలో రాసి ఉంటుంది. ఆ చక్రాన్ని చూసి మాత్రం కొనకండి. తిరుపతిలో లాడ్జీలు, ఆడిటర్ల ఆఫీసులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, ఇలాంటి చోట్ల కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఎక్కడా వంద కంప్యూటర్లు దాటవు. ఈ చోట్లన్నింటిలో నాకు పనికొచ్చేది మిగిలిపోయిన ఆ రెండు శాతం ఏవో, ఎందుకు మిగిలాయో చెప్పే సాఫ్ట్‌వేరే. ప్యాచ్ పడిన కంప్యూటర్ గురించి తెలియకపోతే వచ్చే నష్టం లేదు. పడనిది ఏ మూల ఉందో తెలియకపోతేనే కొంప మునుగుతుంది.

2017 గుర్తున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పనవసరం లేదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ ఏడాది మే 12న విరుచుకుపడింది. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ విడుదల చేసింది. అంటే దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది. అయినా దేశదేశాల్లో ఆసుపత్రులు, కంపెనీలు ఆగిపోయాయి. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయనీ, వాటిలో చిత్తూరు జిల్లావి ఉన్నాయనీ అప్పట్లో పత్రికలు రాశాయి. ప్యాచ్ లేక జరిగిన నష్టం కాదది, ఉన్న ప్యాచ్ కంప్యూటర్ దాకా చేరక జరిగింది.

కాబట్టి సాఫ్ట్‌వేర్ల పేర్లు వెతకడం పక్కన పెట్టి, ఒక పూట ఆఫీసంతా తిరగండి. ప్రతి కంప్యూటర్ దగ్గరా ఆగి రాసుకోండి: విండోస్ ఏ వెర్షన్, హోమ్ ఎడిషనా ప్రోనా, ఏ వేళల్లో ఆన్‌లో ఉంటుంది, ఎవరు ఆపుతారు, దానికి తగిలించిన ప్రత్యేక పరికరం ఏమిటి. ఈ కాగితం లేకుండా డెమోకు కూర్చుంటే అవతలివాళ్లు చెప్పిందల్లా మనకు అవసరమే అనిపిస్తుంది.

హోమ్, ప్రో తేడాను తేలిగ్గా తీసుకోకండి. షాపులో తొందరపడి కొన్న ల్యాప్‌టాప్ చాలావరకు హోమ్ ఎడిషన్‌తోనే వస్తుంది. అది డొమైన్‌లో, అంటే సర్వర్ అదుపులో నడిచే ఆఫీసు కంప్యూటర్ల గుంపులో చేరదు, అన్నింటికీ ఒకేచోటి నుంచి నియమాలు పెట్టే గ్రూప్ పాలసీ దానికి ఉండదు. సర్వర్ నుంచి పాలసీ ద్వారా అప్‌డేట్లు నడిపించే పద్ధతులు దాని దగ్గర పారవు. అలాంటివి నాలుగైదు కంటే ఎక్కువ ఉంటే, ప్రతి కంప్యూటర్‌లో చిన్న ఏజెంట్ ప్రోగ్రాం పెట్టి పనిచేయించే సాఫ్ట్‌వేర్‌నే చూడండి.

విండోస్ 10 ఇంకా ఎన్ని కంప్యూటర్లలో ఉందో కూడా ఆ కాగితమే చెబుతుంది. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లేని ప్యాచ్‌ను ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. పొడిగింపు కావాలంటే వ్యాపార సంస్థలు మైక్రోసాఫ్ట్‌కు డబ్బు కట్టాలి. మొదటి ఏడాదికి కంప్యూటర్‌కు 61 డాలర్లు, ఆపైన ఏటా రెట్టింపు, ఎంత కట్టినా మూడేళ్లే. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లలో దాదాపు వేటిపైనా విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకోదు కనుక, కొన్ని చోట్ల ప్యాచ్ సాఫ్ట్‌వేర్‌కు పెట్టాలనుకున్న డబ్బుతో ముందు పాత పెట్టెలు మార్చడమే మంచిదని చెప్పి వచ్చేశాను.

మార్చలేనివీ ఉంటాయి. గుజ్జు ఫ్యాక్టరీలో కాటా గది ఉంటుంది. తోతాపురి కాయల ట్రాక్టర్ వేబ్రిడ్జి మీదికి ఎక్కగానే బరువు సీరియల్ కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి వస్తుంది, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కరకరమంటూ చీటీ కొడుతుంది. ఆ కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంటుంది. దానికి సాధారణ మద్దతు 2020 జనవరి 14నే ఆగిపోయింది. వేబ్రిడ్జి అమ్మినవాళ్ల ప్రోగ్రాం కొత్త విండోస్‌లో నడవదు. అలాంటిదాన్ని ప్యాచ్ జాబితాలో పెట్టి కన్సోల్‌లో, అంటే అన్ని కంప్యూటర్ల స్థితినీ చూపించే తెరలో, ఎర్రగుర్తు చూస్తూ బాధపడటం దండగ. ఇంటర్నెట్ తీసేయండి, ఆఫీసు నెట్‌వర్క్ నుంచి విడదీయండి, పెన్‌డ్రైవ్ రానివ్వకండి, లైసెన్సు లెక్కలోంచి కొట్టేయండి.

ఇక మెయిన్ స్విచ్. ప్యాచ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లందరూ కంప్యూటర్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయని నమ్ముతారు. తెల్లవారుజామున రెండు గంటలకు షెడ్యూల్ పెట్టుకోమంటారు. మన దగ్గర ఆడిటర్ ఆఫీసులో సాయంత్రం ఏడున్నరకు అటెండర్ మెయిన్ ఆపి, తాళం వేసి వెళతాడు. ఆపవద్దని ఒక చోట అడిగి చూశాను. "మెయిన్ ఆపకుండా తాళం వేస్తే మా సార్ ఊరుకోరండీ. పోయిన వానాకాలం ఎలుక వైరు కొరికి గదంతా పొగ వచ్చింది" అన్నాడు. అతనన్నదాంట్లో తప్పేమీ లేదు. దూరం నుంచే కంప్యూటర్‌ను నిద్రలేపే సదుపాయం మా దగ్గర ఉందని అమ్మేవాళ్లు అంటారు. కరెంటే లేని పెట్టెను ఎవరు నిద్రలేపుతారు?

అందుకే డెమోలో నా మొదటి ప్రశ్న ఇది: షెడ్యూల్ వేళకు కంప్యూటర్ ఆపి ఉంటే, మర్నాడు ఆన్ చేయగానే మీ ఏజెంట్ ఆ పని తనంతట తానే అందుకుంటుందా? అందుకుంటే ఎంతసేపు ఆగి మొదలుపెట్టాలో నేను చెప్పవచ్చా? పొద్దున పది గంటలకు అన్ని కంప్యూటర్లూ ఒక్కసారిగా ప్యాచ్‌లు ఎక్కించుకోవడం మొదలుపెడితే టాలీ తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతుంది, ఆ తిట్లన్నీ నాకే. డౌన్‌లోడ్ నెమ్మదిగా రోజంతా, ఇన్‌స్టాల్ భోజన విరామంలో, రీస్టార్ట్ కూడా అప్పుడే, ఇలా మూడింటికీ వేర్వేరు వేళలు ఇవ్వగలిగితే ఆ సాఫ్ట్‌వేర్ మన ఆఫీసులకు సరిపోతుంది. రీస్టార్ట్‌ను సాయంత్రానికి వాయిదా వేయకండి. తెరపై 'అప్‌డేట్లు జరుగుతున్నాయి, ఆపవద్దు' అని కనబడుతుండగానే మెయిన్ కిందికి పడిపోతుంది.

ఇందులోనే మరో తిరకాసు ఉంది. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా, రీస్టార్ట్ ఎందుకని అడుగుతారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు, విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను డిస్కులో దాచి మర్నాడు అదే తీసి వాడుతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ నొక్కి, అప్‌టైమ్ చూడండి. రోజూ ఆపే కంప్యూటరే వారాల తరబడి నడుస్తున్నట్టు చూపిస్తుంది. 'ప్యాచ్ ఎక్కింది, రీస్టార్ట్ కావాలి' అనే స్థితిని విడిగా చూపించని సాఫ్ట్‌వేర్ ఈ కంప్యూటర్లన్నింటినీ ఆకుపచ్చలో కలిపేస్తుంది.

లాడ్జి వ్యవహారం దీనికి పూర్తిగా తలకిందులు. రైల్వే స్టేషన్ దగ్గరి లాడ్జీలో కౌంటర్ మూతపడదు. రాత్రి రెండు గంటలకు బండి దిగిన యాత్రికులు పిల్లలతో, సంచులతో నిలబడి ఉంటారు, ఆధార్ స్కాన్ కావాలి, బిల్లు రావాలి. ఖాళీ వేళ ఏదో ఊహించుకోకుండా, గదుల సాఫ్ట్‌వేర్‌లోంచి నెలరోజుల చెక్ఇన్ వేళలు తీసి చూడండి. ఒక్కో లాడ్జీకి ఒక్కో వేళ వస్తుంది. కౌంటర్‌లో రెండు కంప్యూటర్లుంటే రెండింటినీ వేర్వేరు గ్రూపుల్లో పెట్టి, ఒకటి పూర్తయ్యాక రెండోది ముట్టుకోవాలి. యాత్రికుల గుర్తింపు పత్రాల నకళ్లు పేరుకుపోయేది ఈ కౌంటర్ కంప్యూటర్లలోనే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు ఉంది. లాడ్జి యజమానికి ప్యాచ్‌ల గురించి చెప్పాల్సి వస్తే నేను ఈ మాటతోనే మొదలుపెడతాను, వెంటనే కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

తర్వాత క్యాలెండర్ తీయండి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. కాబట్టి మనకు అది బుధవారం పనే. రెండో మంగళవారం ఎప్పుడూ 8, 14 తేదీల మధ్య పడుతుంది. జీఎస్టీ రిటర్నులు నెలనెలా దాఖలు చేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 11. జీఎస్టీఆర్-3బీ గడువు 20. ఆడిటర్ ఆఫీసులో పదకొండో తేదీ మధ్యాహ్నం కంప్యూటర్ దానంతట అది రీస్టార్ట్ అయితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకే ఆ ఆఫీసుల్లో విడుదల కాగానే రెండు కంప్యూటర్లలో పరీక్ష, మిగతావాటికి 12 నుంచి 17 లోపు, 18 తర్వాత ఏమీ ముట్టుకోకపోవడం అనే నియమం పెట్టాను. మీరు చూస్తున్న సాఫ్ట్‌వేర్‌లో 'రెండో మంగళవారం తర్వాత ఇన్ని రోజులకు' అని షెడ్యూల్ రాయగలగాలి, గ్రూపు గ్రూపుకు నిషిద్ధ తేదీలు పెట్టగలగాలి. లాడ్జీకి బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి. గుజ్జు ఫ్యాక్టరీకి కాయ దిగుబడయ్యే రోజులు. అయితే నిషిద్ధ తేదీలు అత్యవసర ప్యాచ్‌లకు వర్తించకూడదు. దాడుల్లో ఇప్పటికే వాడుతున్న లోపాల జాబితాను అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సిసా (CISA) ప్రచురిస్తుంది. లోపం ఆ జాబితాలో ఉందని కన్సోల్‌లో గుర్తు పెట్టి చూపించే సాఫ్ట్‌వేర్ అయితే, తొందరపడాల్సింది ఏదో, ఆగగలిగేది ఏదో మనం తేల్చుకోవచ్చు. పదికి తొమ్మిది, తొమ్మిదిన్నర అని వేసే తీవ్రత మార్కుల కంటే ఈ గుర్తుకే నేను ఎక్కువ విలువిస్తాను.

విండోస్ ఒక్కటే చూసి ఊరుకుంటే సగం పనే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, అడోబ్ రీడర్, జావా, ఎనీడెస్క్, విన్‌రార్, వీటన్నింటికీ ప్యాచ్‌లు కావాలి. విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. 2025లో దాడులకు వాడుకున్న ఒక లోపాన్ని 7.13 వెర్షన్‌లో సరిచేశారు. ఎప్పుడో వేసిన పాత విన్‌రార్ ఇప్పటికీ ఎన్ని ఆఫీసుల్లో పడి ఉందో లెక్కలేదు. మీ దగ్గరున్న ప్రోగ్రాముల పేర్లన్నీ రాసుకుని, ఆ సాఫ్ట్‌వేర్ జాబితాలో ఏవేవి ఉన్నాయో ఒక్కొక్కటిగా టిక్కు పెట్టండి. 'వెయ్యికి పైగా ప్రోగ్రాములు' అనే ప్రకటన మనకు అక్కర్లేదు, మన పన్నెండూ ఉన్నాయా లేదా అన్నదే చూడాలి. టాలీని మాత్రం నేను ఈ వరుసలో కలపను. దాని అప్‌డేట్ బ్యాకప్ తీశాక, అకౌంటెంట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేతితోనే.

ఇప్పుడు పేర్లు. విండోస్ సర్వర్ ఉన్నవాళ్లకు డబ్ల్యూఎస్‌యూఎస్ ఉచితం. ఒక సర్వర్ ప్యాచ్‌లు దించుకుంటే మిగతావి దాని దగ్గర తీసుకుంటాయి. కానీ మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులోనే దీనికి కొత్త సదుపాయాలు చేర్చడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇది మైక్రోసాఫ్ట్ సరుకునే చూస్తుంది, విన్‌రార్ గొడవ దానికి పట్టదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పను. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియంకు ఇప్పటికే కడుతున్నవాళ్లకు కంప్యూటర్లను దూరం నుంచి నిర్వహించే ఇంట్యూన్ అందులోనే ఉంది. ముందు దాన్ని వాడి చూడండి, కాకపోతే హోమ్ ఎడిషన్‌పై దాని అప్‌డేట్ పాలసీలు పనిచేయవు. జోహో వాళ్ల మేనేజ్‌ఇంజిన్ సంస్థ ప్యాచ్ మేనేజర్ ప్లస్ 25 కంప్యూటర్ల వరకు ఉచితంగా ఇస్తోంది, మన సర్వర్‌లో పెట్టుకునే రకమూ ఉంది, ఇంటర్నెట్‌లో వాళ్ల సర్వర్ల మీదే నడిచే క్లౌడ్ రకమూ ఉంది. జోహో ఆఫీసు రేణిగుంటలో ఉంది కదా, మనవాళ్లే చూసుకుంటారు అని కొందరు కొనేస్తున్నారు. ఆఫీసు దగ్గర్లో ఉండటానికీ సపోర్టుకూ సంబంధం లేదు, సపోర్టు ఫోనులోనే. అది బాగుంటే బాగున్నందుకు కొనండి. యాక్షన్1 అనేది పూర్తిగా క్లౌడ్, 200 కంప్యూటర్ల దాకా ఉచితం. ఈ పరిమితులు కంపెనీలు మారుస్తూ ఉంటాయి, కొనే రోజున వాళ్ల పేజీలో చూసుకోండి. ఇరవై కంప్యూటర్ల ఆఫీసుకు నా సలహా క్లౌడ్ కన్సోలే. సర్వర్‌లో పెట్టుకుంటే ఆ సర్వర్‌నూ, ఆ సాఫ్ట్‌వేర్‌నూ ప్యాచ్ చేసే బాధ్యత కూడా మన నెత్తిన పడుతుంది. డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఒకే ఒక ఉబుంటు (లినక్స్) సర్వర్ ఉంటే దానికోసం ఖరీదైనది కొననవసరం లేదు, ప్యాచ్‌లు తనంతట తానే వేసుకోవడానికి అందులోనే వచ్చే అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్ చాలు.

ట్రయల్ ఎప్పుడు మొదలుపెడుతున్నామన్నది చాలామంది చూసుకోరు. రెండు రెండో మంగళవారాల మధ్య దూరం 28 రోజులు గానీ 35 రోజులు గానీ ఉంటుంది. 2026లో మార్చి 10 తర్వాతది ఏప్రిల్ 14. మార్చి 11న ముప్పై రోజుల ట్రయల్ తీసుకున్నవాళ్లు ఒక్క ప్యాచ్ మంగళవారమూ చూడకుండానే గడువు ముగించుకుంటారు. కాబట్టి రెండో మంగళవారానికి మూడు నాలుగు రోజుల ముందు మొదలుపెట్టండి.

ట్రయల్‌లో పెట్టే కంప్యూటర్లు కూడా ఆచితూచి ఎంచుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌లో పెడితే అన్నీ సజావుగానే ఉంటాయి. డిజిటల్ సంతకం టోకెన్ తగిలించే కంప్యూటర్ ఒకటి, ఇతరులతో పంచుకునే ప్రింటర్ ఉన్నది ఒకటి, డిస్కు దాదాపు నిండిపోయినది ఒకటి, బయట తిరిగే ల్యాప్‌టాప్ ఒకటి పెట్టండి. ప్రింటర్ ఎందుకంటే, 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడ్డాక ఆ సెప్టెంబరులో వచ్చిన ప్యాచ్‌తో ఎన్నో ఆఫీసుల్లో నెట్‌వర్క్ ప్రింటర్లు పనిచేయడం మానేశాయి. జనం ఆ ప్యాచ్‌ను తీసేసుకుని పని గడుపుకున్నారు. అలాంటి రోజున ఒక్క ప్యాచ్‌ను, ఒక్క గ్రూపుకు, కన్సోల్ నుంచే వెనక్కి తీసి, మళ్లీ ఎక్కకుండా ఆపగలగాలి. డెమోలో అది చేసి చూపించమనండి. 'చేయవచ్చు' అంటే కుదరదు, మీ ఎదుటే చేయాలి. అన్ని కంప్యూటర్లకూ ఒకేసారి పంపడం ఎంత ప్రమాదమో 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్‌తో లోకమంతా చూసింది. అది విండోస్ ప్యాచ్ కాదు, భద్రతా సాఫ్ట్‌వేర్ తనకు తాను పంపుకున్న ఫైలు. అయినా మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలిరంగు తెరతో కూలబడ్డాయి.

ఆ తర్వాత అసలు పరీక్ష. కన్సోల్ ఆకుపచ్చగా చూపిస్తున్న కంప్యూటర్ దగ్గరికి స్వయంగా వెళ్లండి. విండోస్ మీటతో ఆర్ నొక్కి, winver అని ఆంగ్లంలో టైపు చేస్తే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో బిల్డ్ సంఖ్య ఉంటుంది, చుక్క తర్వాతి అంకెలు నెలనెలా మారతాయి. ఆ నెల ప్యాచ్‌కు ఏ సంఖ్య రావాలో మైక్రోసాఫ్ట్ విడుదల పేజీలో ఉంటుంది. రెండూ కలవాలి. కలవకపోతే ఆ సాఫ్ట్‌వేర్ 'పంపాను' అన్నదాన్నే 'పడింది'గా లెక్కేస్తోందన్నమాట, అక్కడితో దాన్ని వదిలేయండి. ఇంకో పని: ఒక ల్యాప్‌టాప్‌ను కావాలనే పది రోజులు మూసి పెట్టండి. పదకొండో రోజు రిపోర్టులో అది 'కనిపించలేదు' అని రావాలి. పాత ఆకుపచ్చతోనే కూర్చుని ఉంటే, లేదా జాబితాలోంచే మాయమైతే, అంతకంటే దాపరికం వేరే లేదు. డిస్కు నిండిన కంప్యూటర్ విషయంలో కూడా 'విఫలం' అనే ఒక్క మాటతో సరిపెట్టకూడదు. జాగా లేదని మామూలు మాటల్లో చెప్పాలి.

ఇంటర్నెట్ లైను సన్నగా ఉన్న చోట ఒక లెక్క వేయండి. నెలవారీ ప్యాచ్ ఒక జీబీ అనుకుంటే నలభై కంప్యూటర్లకు నలభై జీబీ. ఒకసారి దించుకుని పక్క కంప్యూటర్లకు పంచే ఏర్పాటు ఉందో లేదో అడగండి.

ఈ సాఫ్ట్‌వేర్ చేతిలో ఆఫీసులోని అన్ని కంప్యూటర్ల తాళాలూ ఉంటాయి, ఆ సంగతి మరవకూడదు. 2021 జూలైలో కసేయా వారి నిర్వహణ సాఫ్ట్‌వేర్ ద్వారానే దుండగులు వందలాది వ్యాపార సంస్థల్లోకి రాన్సమ్‌వేర్ పంపారు. అదే ఏడాది డిసెంబరులో మేనేజ్‌ఇంజిన్ డెస్క్‌టాప్ సెంట్రల్‌లో, 2025 అక్టోబరులో డబ్ల్యూఎస్‌యూఎస్‌లో దాడులకు వాడుకున్న లోపాలు బయటపడ్డాయి. ఏ కంపెనీ ఇందుకు మినహాయింపు కాదు. అందుకే కన్సోల్‌కు పాస్‌వర్డ్‌తో పాటు ఫోనులో వచ్చే కోడ్ లాంటి రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరిగా ఉండాలి, లేకుంటే ధర ఎంత తక్కువైనా వద్దు. సొంత సర్వర్‌లో పెట్టుకుంటే దాని పోర్టును, అంటే నెట్‌వర్క్ ద్వారాన్ని, రౌటర్‌లో బయటి ఇంటర్నెట్‌కు తెరవకండి. ఏజెంట్ లేకుండా పనిచేస్తాం అనేవాళ్లు అన్ని కంప్యూటర్ల అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతారు. అన్నింటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకున్న ఆఫీసులో అది మరీ ప్రమాదం. ఆఫీసు మానేసిన ఉద్యోగి లాగిన్ ఎలా తీసేయాలో, ఎవరు ఏ ప్యాచ్ ఆపారో లాగ్ ఎన్నాళ్లు ఉంటుందో కనుక్కోండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి.

రౌటర్, ఫైర్‌వాల్, సీసీ కెమెరాల డీవీఆర్, వేలిముద్రల హాజరు యంత్రం, వీటిని ఈ సాఫ్ట్‌వేర్లు చాలావరకు పట్టించుకోవు. వాటి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) తేదీలకు విడిగా ఒక కాగితం పెట్టుకోండి.

ధర దగ్గర మూడు మాటలు కాగితం మీద రాయించుకోండి: రెండో ఏడాది రెన్యువల్ ధర ఎంత, కనీసం ఎన్ని కంప్యూటర్లకు కొనాలి, చెప్పిన ధరలో పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిసి ఉందా లేదా. పాడైన కంప్యూటర్ లైసెన్సును కొత్తదానికి మార్చుకోవచ్చో కూడా అడగండి, గుజ్జు ఫ్యాక్టరీల దుమ్ములో, తేమలో పెట్టెలు తరచూ మారుతుంటాయి. ఆఖరున, ఒప్పందం ముగిసిన రోజున అన్ని కంప్యూటర్ల నుంచీ ఏజెంట్‌ను కన్సోల్ ద్వారానే తీసేయవచ్చో, లేక ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి తీయాలో ట్రయల్‌లోనే చేసి చూడండి. తీసేశాక విండోస్ సొంత అప్‌డేట్లు మళ్లీ మొదలయ్యాయో లేదో సెట్టింగ్స్‌లోకి వెళ్లి సరిచూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు పోతూ పోతూ ఆ మీటను ఆపి ఉన్నట్టే వదిలేస్తాయి.